ఇంటిగుట్టు – మనోవ్యథ



మన హైదరాబాదునకు పడమటి దిక్కున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ అను గ్రామములు ఒకప్పుడు గుండ్రాళ్ల గుట్టల నడుమ, చెరువుగట్ల ప్రక్కన ఒదిగియుండెడివి. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించినది మొదలు ఆ ప్రదేశపు రూపమే మారిపోయినది. హైటెక్ సిటీ యనియు, సైబరాబాదు అనియు పేరొందిన ఆ నేలమీద నేడు అద్దాల మేడలలో లక్షలకొలది యువతీయువకులు కంప్యూటర్ల యెదుట పనిచేయుచున్నారు. వారిలో స్త్రీల సంఖ్య స్వల్పము కాదు.

ఆ మేడల వైభవమును గూర్చి మనము పత్రికలలో చాల చదివియున్నాము. వాని చెంతనే లేచిన నివాసగృహములలో, మూసిన తలుపుల వెనుక నేమి జరుగుచున్నదో అంతగా చదువలేదు. శ్రీకాకుళము నుండియు, కరీంనగరము నుండియు, అనంతపురము నుండియు వచ్చి ఇచట కాపురము పెట్టినవారికి ఎదురింటివారి పేరు తెలియదు. అమెరికావారి పగలు మనకు రాత్రి గనుక, భర్త నిద్రలేచువేళకు భార్య నిద్రకుపక్రమించు ఇండ్లు గలవు. మనుమలను పెంచుటకై పల్లె విడిచివచ్చిన అత్తగారికి లిఫ్టు దిగి పలుకరించుటకు తెలిసిన మనిషి లేదు. ఇట్టిచోట మనస్సునకు జబ్బుచేసినచో చెప్పుకొనుట యెవరితో? ఈ ప్రశ్నకు వైద్యులు చూపిన యొక మార్గమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. దానిని గ్రూప్ థెరపీ యందురు. బృందచికిత్స యని మనము చెప్పుకొనవచ్చును.

దీనిని గూర్చి వ్రాయుటకు నాకు గల అధికారము పాండిత్యము కాదు, నేను చేసిన యొక తప్పిదము. అదియే ముందుగా చెప్పెదను.

మా అక్కగారి కుమార్తె యొకతె కొండాపూరులో తొమ్మిదవ అంతస్తున కాపురముండి, ఒక కంప్యూటరు కంపెనీలో ఉద్యోగము చేయుచున్నది. ఆమె అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాను; పేరు చెప్పను. తొలికాన్పున ఆడపిల్ల కలిగినది. చట్టప్రకారము లభించు 26 వారముల ప్రసూతి సెలవు తీరగానే మరల పనిలో చేరినది. అప్పటికే ఆమెకు నిద్ర దూరమై కొన్ని నెలలైనది. బిడ్డ నిద్రించినను తాను నిద్రింపలేకపోయెడిది. బిడ్డనెత్తుకొనిన చేతులు తనవి కానట్లు తోచుచుండెనట. స్నానాలగదిలో కొళాయి త్రిప్పి, ఆ నీటి చప్పుడులో ఏడ్చి, ముఖము కడుగుకొని వెలుపలికి వచ్చుచుండెనట. ఒకనాటి రాత్రి నాకు ఫోను చేసి, "పిన్నీ, నేను మంచి తల్లిని కాలేకపోతున్నాను" అన్నది.

నేనేమంటినో వినుడు. "ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు తల్లీ! మీ అత్తగారి దగ్గర గానీ, ఆఫీసులో గానీ ఈ మాట పైకి రానీయకు. పిల్లను ఒళ్లో పెట్టుకుని లలితా పారాయణ చేసుకో. అన్నీ అవే సర్దుకుంటాయి" అంటిని. చెడ్డతలంపుతో చెప్పిన మాట కాదు. నా తల్లి నాకు చెప్పినది నేనామెకు చెప్పితిని. ఆమె "సరే పిన్నీ" అని ఫోను పెట్టివేసినది. మరెన్నడును ఆ ప్రసక్తి నాతో తేలేదు. కుదుటపడినదని నేను సంతోషించితిని. నాలుగు నెలలు గడచిన పిదప మా అక్క ఏడ్చుచు ఫోను చేసినది. తనకు బ్రదుకవలెనన్న కోరికయే లేదని పిల్ల భర్తతో చెప్పినదట. ఆమె మౌనమును నేను స్వస్థత యని భ్రమపడితిని. ఆ మౌనము నేర్పినదానను నేనే.

ఆ భర్త బుద్ధిమంతుడు. మరునాడే మానసిక వైద్యునికడకు తోడ్కొనిపోయెను. ప్రసవానంతరము కొందరు తల్లులకు కలుగు కుంగుబాటు అని వైద్యుడు చెప్పెను. ఇది అరుదైన జబ్బు కాదు. మన దేశమున జరిగిన పరిశోధనలనన్నిటిని సమీక్షించి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటించిన వ్యాసమును బట్టి, ప్రసవించిన స్త్రీలలో నూటికి 22 మంది దీనికి లోనగుచున్నారు. మా పిల్లకు మందులిచ్చిరి. కొన్ని వారములు ఒంటరిగా కూర్చుండబెట్టి మాటలాడిరి. కొంత తేరుకొనిన పిమ్మట, అట్టి జబ్బుతోనే బాధపడుచున్న మరికొందరు తల్లులతో కలిసి వారమునకొకసారి జరుగు బృందచికిత్సకు రమ్మనిరి.

నేను మరల అడ్డుపడితిని. "పదిమందిలోనా? మన యింటి సంగతులు ఊరివారికి పంచిపెట్టవలెనా?" అంటిని. ఆమె నావైపు చూచి, "నువ్వు చెప్పినట్టు ఎవరికీ చెప్పకుండా నాలుగు నెలలు చూశాను కదా పిన్నీ! ఇప్పుడు చెప్పి చూస్తాను" అన్నది. నాకు మారుమాట లేకపోయెను. పండ్రెండు వారములు, ప్రతి శనివారము, ఆమెకు తోడుగా పోయి, బిడ్డనొడిలో పెట్టుకొని ఆ గది తలుపు వెలుపల కూర్చుంటిని. లోపల నెవరేమనుకొనిరో నేనెరుగను, ఎరుగరాదు కూడ. చికిత్స ఎట్లు జరుగునో నిర్వాహకురాలి వలనను, తన అనుభవమేమో మా పిల్ల వలనను తెలిసికొంటిని. తక్కినది చదివి నేర్చుకొంటిని.

ఇంతకును బృందచికిత్స యననేమి? ఇది భజనగోష్ఠి కాదు, ఉపన్యాససభ కాదు, ఇరుగుపొరుగు కబుర్లు కాదు. శిక్షణ పొందిన చికిత్సకులొకరో యిద్దరో నడుపగా, అయిదారుగురు మొదలు పది పండ్రెండుగురు వరకు నియమితకాలమున ఒకచోట కూడి, తమ మనోవ్యథను పరస్పరము చెప్పుకొని, విని, దానిని దాటు ఉపాయములను కలిసి అభ్యసించుట బృందచికిత్స. ఇందు ఔషధమిచ్చువాడు వైద్యుడొక్కడే కాదు. రోగులే యొకరికొకరు కొంత వైద్యము చేసికొందురు. దీని విశేషమంతయు ఇందే కలదు.

ఈ పద్ధతి పుట్టుక వినదగినది. 1905లో అమెరికాలోని బోస్టను నగరమున జోసెఫ్ ప్రాట్ అను వైద్యుడు క్షయరోగులైన బీదవారికి చికిత్స చేయుచుండెను. ఒక్కొక్కరికి వేరువేరుగా చెప్పుటకు కాలము చాలక, వారినందరిని వారమునకొకసారి కూర్చుండబెట్టి, గాలి, విశ్రాంతి, ఆహారము మొదలగు విషయములను బోధించెను. దానికాతడు తరగతి యని పేరుపెట్టెను. బడిపంతులుగారి భార్యనగుటచే ఆ పేరు నన్నాకర్షించినది. వేరువేరు కులమతములవారైనను, ఒకే రోగము వారిని బంధువులుగా కలిపినదనియు, ఒకరి మెరుగు చూచి మరియొకరు ధైర్యము తెచ్చుకొనుచుండిరనియు ప్రాట్ గమనించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులోని నార్త్‌ఫీల్డు సైనిక వైద్యశాలలో మనస్సు చెదరిన సైనికులకు ఇట్టి చికిత్సయే జరిగినది. అందు పాల్గొన్న వైద్యులలో నొకడైన విల్‌ఫ్రెడ్ బయాన్ 1897లో మన మథురానగరమున పుట్టినవాడే.

మన దేశమున మరియొక మేలిమి యుదాహరణము కలదు. 1950 తరువాతి దశాబ్దమున అమృతసరము మానసిక వైద్యశాలకు అధికారియైన డాక్టరు విద్యాసాగరు రోగులతోపాటు వారి కుటుంబములవారిని గూడ రప్పించి, ఆవరణలో గుడారములు వేయించి, అచట నుండనిచ్చెను. అన్ని కుటుంబములవారిని ఒకచోట కూర్చుండబెట్టి జబ్బును గూర్చి మాటలాడుచుండెను. రోగిని వదలిపెట్టి పోవలసిన చోటు అనుకొన్న ఆసుపత్రి, రోగిని ఇంటికి తీసికొనిపోవుట నేర్పు చోటైనది.

ఈ చికిత్స నిజముగా పనిచేయునా యను సందేహము నాకును కలిగినది. ఆఫ్రికాలోని ఉగాండా దేశమున ముప్పది పల్లెలలో జరిగిన పరిశోధన యొకటి 2003లో వెలువడినది. కుంగుబాటుతో బాధపడు స్త్రీలను, పురుషులను వేరువేరు బృందములుగా ఏర్పరచి, వారమునకొకసారి గంటన్నర చొప్పున 16 వారములు కూర్చుండబెట్టిరి. నడిపినవారు పెద్ద వైద్యులు కారు. శిక్షణ పొందిన స్థానికులే. గడువు ముగియునప్పటికి, బృందచికిత్స జరిగిన పల్లెలవారిలో జబ్బు మిగిలినది నూటికి ఆరేడుగురికి మాత్రమే. జరుగని పల్లెలలో నూటికి 54 మందికి పైగా అట్లే యుండిరి. ఆ పద్ధతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఒక చిన్న పుస్తకముగా వెలువరించినది. ఒంటరిగా చేయు చికిత్సతో పోల్చి చూచిన పరిశోధనలలోను, పెక్కు మనోవ్యాధుల విషయమున బృందచికిత్స దానికి తీసిపోదనియే తేలినది. పదిమందికి ఒకేసారి జరుగుటచే ఖర్చును సాధారణముగా తక్కువ.

ఇక ఇది ఎట్లు పనిచేయును? మన భారతమునే తలచుకొందము. అరణ్యవాసమున ధర్మరాజు తన దుఃఖమును బృహదశ్వ మహర్షితో చెప్పుకొని, నాకంటె దుఃఖితుడైన రాజు లోకమున కలడా యని యడిగెను. మహర్షి ఓదార్పు మాటలు చెప్పి యూరకుండలేదు. జూదమున రాజ్యము పోగొట్టుకొని, తోడబుట్టినవారుగాని మిత్రులుగాని వెంటలేక అడవులపాలైన నలుని కథ వినిపించెను. కథ ముగిసిన పిదప అక్షహృదయమను విద్యను గూడ ఉపదేశించెను. నీవొక్కడవే కావని తెలుపుట మొదటిది. మరల అట్టి ఆపద రాకుండ నేర్పు గరపుట రెండవది. బృందచికిత్స చేయునదియు ఈ రెండే.

మా పిల్ల చెప్పిన మాట యొకటి నేను మరువలేను. మొదటి వారము ఆమె నోరు విప్పలేదట. ఎదుటనున్న తల్లి యొకతె మాటలాడుచుండగా, తన మనస్సులోని మాటనే ఆమె పలుకుచున్నట్లు తోచెనట. "ఈ జబ్బు నాలో ఉంది గానీ, నేనే జబ్బు కాదని అప్పుడు తెలిసింది" అన్నది. నేను వంద విధముల చెప్పినను తెలియనిది, అపరిచితురాలి నోట ఒక్కమాటలో తెలిసినది. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మనోవ్యాధితో బాధపడుచున్నారు. ఆ వ్యాధులను బట్టి చూడగా వైద్యమందనివారు నూటికి 70 మొదలు 92 వరకు గలరు. అనగా, నేనొక్కతెనే ఇట్లున్నాననుకొనుచు మూసిన తలుపుల వెనుక కూర్చున్నవారు కోట్లకొలది యున్నారన్నమాట.

రెండవ ప్రయోజనము ఇతరులకు తోడ్పడుట. మనోవ్యథలో మునిగినవారు తాము ఎవరికిని పనికిరామని తలంతురు. బృందములో తాను చెప్పిన చిన్నమాట మరియొకరికి ఊరటనిచ్చుట కన్నులారా చూచినప్పుడు ఆ తలంపు సడలును. మూడవది, బృందము అద్దమువంటిది. ఇంటను, ఆఫీసులోను మనకుగల అలవాట్లే అచటను బయటపడును. మా పిల్ల మాటిమాటికి క్షమించుడని యనుచుండెనట. ఎవరిని క్షమింపుమని అడుగుచున్నావని బృందములోని యొకరు నెమ్మదిగా ప్రశ్నించిరట. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఆమెకు మూడు వారములు పట్టినదట. ఇంటిలోనివారెవరును అడుగని ప్రశ్న అది. మేమందరము ఆమె అణకువకు మురిసిపోవుచుంటిమి.

ఇది పాశ్చాత్యుల పద్ధతి, మన తెలుగు స్త్రీలకు పొసగదు అనువారు గలరు. నెల్లూరు జిల్లాలోని దూబగుంటను వారు మరచిరి. 1992లో ఆ గ్రామపు స్త్రీలు సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమమున చదువు నేర్చుకొనుటకై రాత్రివేళల కూడిరి. చదువుచు, మాటలాడుకొనుచు, భర్తల సారా త్రాగుడు ఒక్కొక్కరి ఖర్మము కాదనియు, అందరి బాధయు నదియే యనియు గ్రహించిరి. అంతవరకు ఎవరి యింట వారు దాచుకొన్న దెబ్బలు, ఆకలి అప్పుడు పైకి వచ్చినవి. ఆ గ్రామమునుండి లేచిన ఉద్యమఫలముగా 1993 అక్టోబరున రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. అది చికిత్స కాదు, ఉద్యమము, నిజమే. కాని నలుగురు స్త్రీలు కూడి నోరు విప్పినప్పుడు ఒంటరి సిగ్గు కరగిపోవునన్న సత్యము రెంటికిని మూలము.

ఇక బృందచికిత్సకు పోవువారు ఏమేమి ఎదురుచూడవలెనో చెప్పెదను. చేరుటకు ముందు నిర్వాహకులు ఒక్కొక్కరితో విడిగా మాటలాడి, ఆ బృందము వారికి తగునో తగదో నిర్ణయింతురు. గదిలో కుర్చీలు గుండ్రముగా వేయుదురు. ఎవరును ముందు, ఎవరును వెనుక కారు. సాధారణముగా వారమునకొకసారి, గంట మొదలు గంటన్నర వరకు జరుగును. కొన్ని బృందములు ఇన్ని వారములని గడువు పెట్టుకొని, మధ్యలో క్రొత్తవారిని చేర్చుకొనవు. మరికొన్ని నిరంతరము సాగుచు, వెళ్లువారు వెళ్లగా వచ్చువారు వచ్చుచుందురు. మొదటిదినమున నియమములు చెప్పుదురు. ఇచట విన్నది ఇచటనే విడువవలెను; వేళకు రావలెను; రాలేనిచో ముందుగా తెలుపవలెను; ఒకరు మాటలాడునప్పుడు అడ్డుపడరాదు; మానదలచినచో చెప్పకుండ మానరాదు.

మొదటిదినముననే మనస్సు విప్పవలెనన్న నిర్బంధము లేదు. వినుటయు పాల్గొనుటయే. మొదట రెండుమూడు వారములు ఇబ్బందిగానే యుండును. కొందరికి, దాచుకొన్నది కదలుటచే, ముందుకంటె బాధ పెరిగినట్లు తోచును. మా పిల్ల రెండవ శనివారము వెలుపలికి వచ్చి, దారిపొడవున ఏడ్చినది. ఇక పోవద్దని నా నాలుక చివరవరకు వచ్చిన మాటను మ్రింగితిని. పుండు కడుగునప్పుడు మంటపుట్టదా? అట్టి సమయమున మానుకొనక, ఆ బాధను నిర్వాహకులతోనే చెప్పవలెను. బృందములో అప్పుడప్పుడు మనస్పర్థలును కలుగును. వానిని దాచిపెట్టక, నొప్పింపకుండ ఎట్లు చెప్పుకొనవలెనో నేర్చుకొనుటయు చికిత్సలో నొక భాగమే. ఒకరి కష్టమును మరియొకరి కష్టముతో తూచుట మాత్రము తగదు.

బృందములు పలు రకములు. ఒకే జబ్బు గలవారు ధైర్యము చెప్పుకొనునవి కొన్ని. భయమును, దుఃఖమును పెంచు ఆలోచనలను గుర్తించి మార్చుకొను విద్యను పాఠములవలె నేర్పునవి కొన్ని. ఇతరులతో మన వర్తనమును పరిశీలించుటకై సాగునవి కొన్ని. చికిత్సకులు లేకుండ బాధితులే నడుపుకొనునవియు గలవు. త్రాగుడు మానదలచినవారికై 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్, అట్టివారి కుటుంబములకై 1951లో ఏర్పడిన ఆల్-ఆనాన్ ఈ తరగతికి చెందినవి. తనకే రకము తగునో వైద్యుని అడిగి తెలిసికొనుట మేలు.

అన్నిటికిని ఇదే మందనుకొనరాదు. ప్రాణము తీసికొనవలెనన్న తలంపు బలముగా నున్నవారికి, లేని ధ్వనులు వినబడుట మొదలగు తీవ్రలక్షణములు గలవారికి ముందుగా వైద్యుని రక్షణయు, మందులును కావలెను. బృందమున చేరితిమని వైద్యుడిచ్చిన మందులు మానరాదు. అట్టి ఆపత్సమయమున 14416 అను నంబరునకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను ఈ సహాయము రాత్రింబవళ్లు, ఉచితముగా, తెలుగుభాషలోను లభించును. ధనము లేనివారికి ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. మన యిండ్లలో ఎర్రగడ్డ యను మాటను తిట్టుగా వాడుట యొక దురలవాటు. ఆ తిట్టు విని పెరిగిన ఆడపిల్ల, తనకు జబ్బుచేసిననాడు ఏ ముఖముతో వైద్యుని పేరెత్తగలదు?

నడుపువారి యోగ్యతను విచారించుట ముఖ్యము. మానసిక వైద్యులా, భారత పునరావాస మండలియందు నమోదైన క్లినికల్ సైకాలజిస్టులా, బృందములను నడుపుటయందు వారికి శిక్షణ గలదా అని అడుగుట అమర్యాద కాదు. ప్రతివారికిని తప్పక నయము చేసెదమనువారిని, సభ్యులచేత సరకులు కొనిపించువారిని, మందులు మానిపించువారిని నమ్మరాదు. రహస్యవిషయమునను నిజము తెలిసికొనవలెను. 2018 మే 29వ తేదీనుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్స చేయువారిని రహస్యమునకు బద్ధులను చేసినది. తోటిసభ్యులను కట్టునది ముఖ్యముగా వారిచ్చిన మాటయే. కావున నమ్మకము కుదురుకొలది కొంచెము కొంచెముగా చెప్పుకొనుట వివేకము. మనవారి కథ చెప్పునప్పుడు పేర్లు చెప్పక, మన బాధను చెప్పుకొన్న చాలును.

హైటెక్ సిటీ ప్రాంతమున మరికొన్ని చిక్కులు గలవు. ఒకే ఆఫీసువారు, ఒకే గృహసముదాయమువారు ఒకే బృందమున తారసపడవచ్చును. ఈ సంగతిని చేరుటకు ముందే నిర్వాహకులతో ప్రస్తావింపవలెను. రాత్రిపని చేయువారు తమ నిద్రవేళకు భంగము కలుగని సమయము నడుగవలెను. 2020లో కరోనా వచ్చినది మొదలు కంప్యూటరు తెరమీద జరుగు బృందములు విరివిగా ఏర్పడినవి. దూరము పోలేనివారికి అవి ఉపకరించును. కాని దానికి మూసికొనుటకు ఒక తలుపు కావలెను. రెండు గదుల యింట ఆరుగురున్నచోట అది దుర్లభము. నిలిపియుంచిన కారులో కూర్చుండి పాల్గొను స్త్రీలు గలరని నిర్వాహకురాలు చెప్పగా, ముప్పది అంతస్తుల మేడలో ఒక స్త్రీకి గంటసేపు తనదగు గది లేకపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించినది.

ఇచట అత్తగార్లకును, తల్లులకును, నావంటి పిన్నులకును ఒక మనవి. ఆ గంటసేపు బిడ్డను చూచుకొనుడు. వంట మీరు చేయుడు. తిరిగి వచ్చినపుడు "ఏమన్నావు? మా మాట ఏమైనా వచ్చిందా?" అని ప్రశ్నింపకుడు. అన్నము తింటివా యని మాత్రము అడుగుడు. చెప్పదలచినచో వారే చెప్పుదురు. మా పిల్ల అత్తగారు మొదట కొంత కినిసినను, ఆరవ శనివారమున తానే ఫ్లాస్కులో కాఫీ పోసి, దారిలో త్రాగుమని యిచ్చినది. ఆనాడు మా పిల్ల లోపలికి పోవుచు నవ్వినది. అది చాల నెలల తరువాత నేను చూచిన నవ్వు.

పండ్రెండవ శనివారమున తలుపు తెరచుకొన్నప్పుడు, మొదటిదినమున నేలచూపులు చూచుచు ఒక్కొక్కరుగా లోపలికి పోయిన తల్లులు, గుంపుగా మాటలాడుకొనుచు వెలుపలికి వచ్చిరి. మా పిల్లకు జబ్బు పూర్తిగా తొలగినదని నేననను. మందులు మరికొంతకాలము వాడినది. నిద్రపట్టని రాత్రులు ఇప్పటికిని వచ్చుచుండును. అట్టి రాత్రి కొళాయి త్రిప్పి ఏడ్చుటకు బదులు భర్తను లేపుచున్నది. తెల్లవారినచో నాకు ఫోను చేయుచున్నది. నేనును సామెతలు చెప్పుట మాని, వినుట నేర్చుకొనుచున్నాను.

ఇంటిగుట్టు లంకకు చేటు అన్న మాటను నేనీ నడుమ మరల ఆలోచించితిని. విభీషణుడు తన మాటను మొదట పరులకు చెప్పలేదు. సొంత యింటిలో, అన్నగారి కొలువులోనే చెప్పెను. వినువారు లేక, అవమానము పొందిన పిమ్మటనే సముద్రము దాటెను. గుట్టు బయటికి పోవుటకంటె ముందు, ఇంటిలో ఆ మాటకు చోటు లేకపోవుటయే లంకకు చేటైనది. వీథిలో చాటుట వేరు. మాటకు కట్టుబడిన నలుగురి నడుమ బాధను దించుకొనుట వేరు. మీ యింట ఏ ఆడపడుచైనను, కోడలైనను, "నా వల్ల కావటం లేదు" అని మొదటిసారి అన్నప్పుడు, నావలె సామెత చెప్పి ఆ నోరు మూయింపకుడని మిమ్ము వేడుకొనుచున్నాను.